ఏడో ఊట

ముప్పై ఒక్క సెంటీమీటర్లు!

సహాయకుడు జాన్ నోయెల్ కొలబద్దను ఎత్తి మళ్ళీ నిలబెట్టాడు. దిబ్బ పెరిగిన ఎత్తు రెండోసారి కూడా అంతే వచ్చేసరికి పగడపు దిబ్బ మీద, మోకాటిలోతు నీళ్ళలో గంతు వేశాడు. పద్దెనిమిది నెలల కిందట ఆ చోట కాలు మోపితే చచ్చిన పగడపు ముక్కలు గులకరాళ్ళలా జారి మనిషిని కూలదోసేవి. ఇప్పుడది గచ్చు చేసిన అరుగులా పాదానికి ఎదురు నిలుస్తోంది.

“మదామ్ డాక్టర్! నూరేళ్ళ పని ఏడాదిన్నరలో! ఇక్కడే పందిరి వేసి నా పెళ్ళి చేసెయ్యొచ్చు,” అని క్రియోలు భాషలో అరిచాడు.

“పిల్లను వెతికావా?”

“దిబ్బ దొరికింది, పిల్ల దొరకదా?”

పడవలో కూర్చున్న డాక్టర్ కౌసల్య అప్పాడు నవ్వు ఆపుకుని అంకెను పుస్తకంలో రాసుకుంది. ఆమెకు నలభై ఆరేళ్ళు. ఏ అంకెనూ మూడుసార్లు చూడనిదే నమ్మని మనిషి. ఆ ఉదయం మాత్రం రెండుసార్లకే నమ్మింది.

మారిషస్ దీవికి ఆగ్నేయపు ఒడ్డున ఆన్స్ కొరింగి అనే చిన్న ఊరు ఉంది. కొరింగ రేవులో ఓడెక్కి చెరుకు తోటల కూలికి వచ్చిన తెలుగువాళ్ళ ఐదో తరమూ ఆరో తరమూ అక్కడ కాపురముంటున్నాయి. ఊరికి ఎదురుగా అర కిలోమీటరు దూరాన పగడపు దిబ్బ ఒకప్పుడు అలలను అడ్డుకునేది. దిబ్బకూ ఒడ్డుకూ నడుమ సముద్రపు మడుగు పళ్ళెంలో నీళ్ళలా నిలిచి ఉండేది. సముద్రం వేడెక్కి పగడాలు చచ్చాయి, దిబ్బ పిండయి కూలింది, అలలు ఊళ్ళోకి వచ్చాయి. ఒడ్డున ఇసుక పోయింది. అంతకన్నా ఘోరం, నేల అడుగున ఉన్న తీపి నీటిలోకి ఉప్పునీరు తొలుచుకు వచ్చింది. ఊరికి ఉన్న ఒకే ఒక్క నుయ్యి ఉప్పెక్కింది. తరలింపు సంఘం వారి లెక్క సూటిగా ఉంది. వచ్చే నెల పదో తేదీన నూతి నీళ్ళు పరీక్షిస్తారు. లీటరుకు క్లోరైడు రెండు వందల యాభై మిల్లీగ్రాములు దాటితే, ఆ ఊరు నివాసయోగ్యం కాదని రాసేసి మూడు వందల గడపలనూ ఎగువ పీఠభూమికి తరలిస్తారు. పోయిన పరీక్షలో ఆ అంకె తొమ్మిది వందలు.

కౌసల్య తయారుచేసినది ఒక సూక్ష్మజీవి. ఊరివాళ్ళు దానికి గచ్చుపురుగు అని పేరు పెట్టారు. అది యూరియా తింటుంది. తిన్నచోట సముద్రపు నీటిలోని సున్నం రాయిగా పేరుకుంటుంది. పగడపు ముక్కలు నింపిన గోనెసంచుల్లో ఆ పురుగునూ యూరియానూ కలిపి పేర్చితే, మూడు గంటల్లో సంచికి సంచి అతుక్కుంటుంది. నెల తిరిగేసరికి అంతా ఒకే బండ. “తిండి మనం పెడితేనే ఇది బతుకుతుంది. యూరియా లేనిచోట మూడు రోజుల్లో చస్తుంది. కనుక దిబ్బ దాటి పోదు,” అని ఆమె రాజధానిలో సంతకం చేసి హామీ ఇచ్చింది. హామీకి ముందు మడుగంతా గాలించి నూట నలభై చోట్ల నీళ్ళు పరీక్షించింది. యూరియా ఎక్కడా కనబడలేదు. నేల నీరు ఊరి సముద్రంలో కలిసే చోట్లు ఏవైనా ఉన్నాయా అని పడవల పెద్దలను కూడా అడిగింది. “అలాటివేవీ లేవు,” అన్నారు వాళ్ళు. ఆమె పటం పక్కన ఊటల గడిలో సున్న చుట్టింది.

ఆ సున్న తప్పని మధ్యాహ్నానికి తేలింది.

•

పడవ ఒడ్డు చేరేసరికి డప్పుల మోత. ఆ రోజు అమ్మోరి పండగ. వేపమండలు పట్టుకుని పసుపు చీరల ఆడవాళ్ళు నీళ్ళ అంచున బారులు తీరి ఉన్నారు. వాళ్ళకు ముందు, మెడలోతు నీళ్ళలో, కౌసల్య మేనత్త పోలమ్మ. డెబ్బై ఒక్క ఏళ్ళు. రాగికుండ మూతిని అరచేత్తో మూసి నీళ్ళలో మునగడం, అడుగున చెయ్యి తీసి కుండ నింపడం, మళ్ళీ మూసి పైకి తేలడం. అలా తెచ్చిన నీళ్ళు తియ్యగా ఉండాలి. ఆ తీపినీళ్ళతోనే అమ్మోరికి స్నానం.

సముద్రం అడుగున తీపినీళ్ళేమిటి? పదహారో ఏట కౌసల్య నలుగురి ముందూ అనేసింది: “మా అత్త ఇంటి దగ్గరే కుండలో కొళాయి నీళ్ళు పోసుకుని వస్తుంది.” ఆ తరవాత ముప్పై ఏళ్ళుగా ఆమెను ఎవరూ ఈ పండక్కి పిలవలేదు. ఆమె కూడా పిలుపు కోసం చూడలేదు.

పోలమ్మ తేలింది. కుండలో నీళ్ళు పుడిసిట పోసుకుని నోట్లో వేసుకుని ఉమ్మేసింది. ఇది మూడోసారి. డప్పు ఆగింది.

“ఓలమ్మో, అమ్మోరికి కోపమొచ్చినాది!” అని ఎవరో ఏడుపు అందుకున్నారు.

“నోర్ముయ్యండే. అమ్మోరికి కోపమొస్తే మశూచి పంపుతాది గానీ ఉప్పు పంపుతాదేటి?” అని కసిరి, పోలమ్మ నీళ్ళు ఓడుతూ నేరుగా పడవ దగ్గరికి వచ్చింది. “ఏటే కౌసీ, నీ పురుగు నా ఊటని మింగీసినాదా?”

“ఏ ఊట అత్తా?”

“ఏ ఊటేటి? సముద్రంలో తీపినీళ్ళు పుట్టే ఊట. నూటేభై ఏళ్ళబట్టి అమ్మోరికి తానం సేయిస్తన్న ఊట!”

కౌసల్య చేతిలో పెన్ను జారింది. “ఆ నీళ్ళు నిజంగా అడుగునుంచే తెచ్చేవారా?”

“మరేటనుకున్నావు?”

“కొళాయి నీళ్ళనుకున్నాను.”

“ఇన్నేళ్ళూ?”

“ఇన్నేళ్ళూ.”

పోలమ్మ కోపం మరిచి వింతగా చూసింది. “అంత సదువూ సదివినావు. ఒక్కపాలి కుండలో ఏలెట్టి సూసీలేకపోనావా?”

దేవతను నమ్మకపోవడంలో దోషమేమీ లేదు. కౌసల్య ఆనాడూ నమ్మలేదు, ఈనాడూ నమ్మదు. కాని కుండలో నీళ్ళను పరీక్షించకుండానే కొట్టిపారేసింది. అపనమ్మకానికి కూడా ఆధారం ఉండాలన్నది ఆమె విద్యార్థులకు చెప్పే మొదటి పాఠం.

“ఒక్కటేనా ఊట?”

“ఏడు.”

“పడవల పెద్దలు లేవన్నారే!”

“ఆళ్ళకెలా తెలుస్తాది? ఆళ్ళూ నీలాగే కొళాయి నీళ్ళనుకుంటారు. మగోళ్ళకి సెప్పకూడదని మాయమ్మ నాచేత ఒట్టేయించుకుంది. ఉరిత్‌లన్నీ ఆ ఊటల కాడే గూళ్ళు కట్టుకుంటాయి. తెలిస్తే ఆళ్ళు వలేసి ఊడిసీరూ?”

ఉరిత్ అంటే అక్కడి మాటలో ఆక్టోపస్. పోటు తీసిన వేళ మడుగులో నడిచి, ఇనపఊచతో దాన్ని పొడిచి, ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళు ఆ ఊళ్ళో ముప్పై మంది. అమ్మోరి ఒట్టు అసలు కాపలా కాసింది దేవతకు కాదు, వాళ్ళ జీవనానికి.

“పడవెక్కు అత్తా,” అంది కౌసల్య.

•

పోలమ్మ పడవ ముక్కున కూర్చుని దారి చెప్పింది. “ఆ కొండ ముక్కూ, సర్చి గంటా ఒక గీతలోకి రావాల. ఇంకొంచెం. ఆపరా జానూ!”

కౌసల్య అద్దాలు పెట్టుకుని దూకింది. మెడలోతు నీళ్ళ అడుగున, నల్లరాతి నెరియ ఉండాల్సిన చోట, తెల్లని బిరడా. వేలితో నొక్కితే ఇంకా మెత్తగా, ఎండీ ఎండని సున్నపు ముద్దలా ఉంది. తన దిబ్బ రాయి. తను పెంచిన పురుగు. తిండి లేనిదే బతకదని తను హామీ ఇచ్చిన పురుగు!

రెండో ఊట మూసుకుంది. మూడోదీ అంతే. ఆరోదాని దగ్గర తేలేసరికి ఆమె పెదవులు పాలిపోయాయి.

ఏడో ఊట మాత్రం ఊరుతోంది. పెనం మీద గాలి ఆడినట్టు, తీపినీరు ఉప్పునీటిలో కలిసే చోట చూపు చెదురుతోంది. చల్లని ధార అరచేతిని పైకి తోసింది. ఆ నీళ్ళు సీసాలో పట్టి పడవలోకి తెచ్చి, పరీక్ష కాగితం ముంచింది. పసుపుపచ్చ కాగితం చూస్తుండగానే గులాబీ రంగుకు తిరిగింది.

“యూరియా,” అంది. “చెరుకు తోటలు!”

జాన్ నోయెల్ నోరు తెరిచాడు. “తోటలు మూడు కిలోమీటర్ల ఎగువన ఉన్నాయి. నేలలో ఇంకేలోగా అది ఇంకో పదార్థంగా మారిపోదా?”

“మామూలు నేలలో అయితే మారిపోతుంది. ఇది అగ్నిపర్వతం కక్కిన నేల. లోపలంతా లావా గొట్టాలు. ఎరువు చల్లిన మర్నాడు పెద్దవాన పడితే, గొట్టంలో పడ్డ యూరియా రెండు రోజుల్లో పచ్చిగానే ఇక్కడ తేలుతుంది. దిబ్బ నుంచి కొట్టుకొచ్చిన పురుగు అంతటా చచ్చింది, ఈ ఏడు గుమ్మాల దగ్గర తప్ప. ఇక్కడ దానికి విందు పెట్టి ఉంది.”

“గొట్టాల్లోకి పాకుతుందా?”

“పాకినా రాయి కట్టలేదు. తీపినీటిలో సున్నం చాలదు. సముద్రం తగిలే మూతి దగ్గరే దాని ఆట.” తనకు తానే తీర్పు చదువుకుంటున్నట్టు అంది: “నా హామీ తప్పు.”

పోలమ్మకు కావలసింది పశ్చాత్తాపం కాదు. “తెరవగలవా నేదా?”

“తెరవగలను. పురుగును చంపే విరుగుడు ప్రయోగశాలలో ఉంది. రాయి ఇంకా మెత్తనే, గునపంతో ఊడొస్తుంది. ఎల్లుండి దాటితే ఇక రాదు.” కౌసల్య ఫోను తీసింది. విరుగుడు డబ్బాల కోసమే తీసింది. కాని ఏదో లెక్క మనసును గీరడంతో ముందుగా నూతి పంపు చూసే తమ్మన్నకు చేసింది. తమ్మన్న పోలమ్మ కొడుకు, ఆమెకు బావ వరస.

“బావా, నూతిలో ఉప్పెంత?”

“ఇన్నాళ్ళకి నుయ్యి గుర్తొచ్చినాదా దొరసానికి? బెమ్మాండంగా ఉంది. నాలుగు వందల పది.”

“ఏమిటీ! తొమ్మిది వందలు కదా?”

“మూడు వారాలబట్టి దిగతంది. నీళ్ళు కూడా మూరెడు పైకొచ్చినాయి.”

“మరి చెప్పవేం!”

“నాను నుయ్యి కడిగించినాను గదేటి. ఆ గొప్పంతా నాదే అనుకున్నాను. నీకు సెప్తే నీ పురుగు పద్దులో రాసుకుంటావని ఊరుకున్నాను.”

“బావా, నీకు పుణ్యముంటుంది, తేదీలూ అంకెలూ చదువు!”

తమ్మన్న చదివాడు. అంకె ఒక్కసారిగా దిగడం, కొన్నాళ్ళు నిలవడం, మళ్ళీ దిగడం. కౌసల్య వాటిని గీతలుగా వేసింది. మెట్లు. లెక్కపెట్టింది. ఆరు మెట్లు. మూసుకున్న ఊటలు ఆరు. కడపటి తొమ్మిది రోజులుగా అంకె కదలలేదు.

జాన్ నోయెల్ ముందుగా అరిచాడు. “నేల అడుగున ఆనకట్ట! మనకు తెలియకుండా కట్టేశాం!”

అదే జరిగింది. సముద్రంలోకి కారిపోయే తీపినీరు ఆరు చోట్ల ఆగింది. ఆగిన నీరు నేలలో పైకి లేచి, లోపలికి చొరబడ్డ ఉప్పునీటిని వెనక్కి నెట్టుతోంది. పెద్ద పెద్ద యంత్రాలతో కాని పనిని ఒక పొరపాటు చేస్తోంది. ఆరు ఊటలకు నాలుగు వందల పది. ఏడోది కూడా ఆగితే? కాగితం మీద మూడుసార్లు వేసింది. రెండు వందల ముప్పై, అటూ ఇటూ పదిహేను. గండం గట్టెక్కుతుంది! నీరు మరీ పైకి పొంగితే తోటల వెనక ఎండిన వాగు ఉంది. మిగులు దాని దారిన పోతుంది. ఊళ్ళోకి రాదు.

కాని ఏడో ఊట నీళ్ళు నూతివేనా? వట్టి తోటల నీరైతే దాన్ని మూసినా నూతికి ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి తేల్చడానికి రంగు కలిపి చూసే నిపుణులు రాజధాని నుంచి రావాలి. వాళ్ళ తేదీ దొరికేసరికి పదో తారీకు దాటుతుంది.

“దానికేటి బాగ్గెం?” అంది పోలమ్మ. “మొన్న శుక్రారం నూతిలో పసుపు ఏసినాం గదా.”

“ఎందుకు?”

“ఏటేటా ఏస్తాం. రెండ్రోజులకి ఏ ఊటలో పచ్చగా తేలితే ఆ ఊటలోనే కుండ ముంచాల. ఎప్పుడూ ఒకటో ఊటలోనే తేలీది. ఈపాలి దాంట్లో రానేదు. అలవాటుగా అక్కడే ముంచీసినాను.”

కౌసల్య పడవ అంచు పట్టుకుంది. నూటయాభై ఏళ్ళుగా ఈ ఆడవాళ్ళు ఏటా నేలనీటి దారిని రంగుతో పరీక్షిస్తున్నారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు మొక్కు. “అత్తా, పసుపు ఎంత వేశారు?”

“తొమ్మిది కిలోలు. ఊరంతా తలో పిడికెడూ తెచ్చినారు.”

పసుపు నీటిలో కరగదు, నలకలై తేలుతుంది. పోలమ్మ తలగుడ్డ విప్పి ఇచ్చింది. కౌసల్య ఆ తెల్లగుడ్డను ఏడో ఊట మూతికి అడ్డంగా కట్టి వచ్చింది. ఇరవై నిమిషాలు. ముప్పై. నలభయ్యో నిమిషాన మునిగి గుడ్డ విప్పుకుని తేలింది. ఎండలో పరిచింది.

నడిమధ్య, అరచేతి మేర, పచ్చన.

“నూతి నీరే!” జాన్ నోయెల్ ఎగిరిన ఎగురుకు పడవ ఒరిగింది. కౌసల్య వాణ్ణి కావలించుకుంది. ఆ తరవాత మేనత్త ముఖం చూసి చేతులు వదిలేసింది.

పోలమ్మ నీళ్ళకేసి చూస్తోంది. ఏడో ఊట చుట్టూ రాళ్ళ సందుల్లో గూళ్ళు. ఆరు ఊటల దగ్గరా గూళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, ఎందుకో తెలియకపోయినా, ఈ మూడు వారాలూ ముప్పై మందీ పొడుచుకు తిన్నది ఇక్కడే.

“ఇది మూసీతే ఇంక ఉరిత్‌లు ఉండవు,” అంది.

“ఉండవు.”

“అన్నీ తెరిసీతే?”

“ఉరిత్‌లు వస్తాయి. నుయ్యి మళ్ళీ ఉప్పెక్కుతుంది. పదో తేదీ తరవాత ఊరు ఎగువకు పోతుంది.”

“నువ్వేటంటావు?”

“నేను అంకెలు చెప్పగలను అత్తా. తప్పు చేసింది నేను, నష్టపోయేది మీరు. ఇది నేను తేల్చకూడదు.”

ఊచలు పట్టిన ఆడవాళ్ళు అప్పటికే నడుములోతు నీళ్ళలో పడవను చుట్టుముట్టారు. పోలమ్మ దాపరికం లేకుండా అంతా చెప్పింది. మాట పూర్తికాకుండానే రభస మొదలైంది.

“మా పొట్టలు కొట్టి నుయ్యి నింపుతారేటి?”

“పొట్టతోపాటు గొంతు కూడా ఉందే నీకు. తాగవా?”

“ఎగువనిచ్చే ఇళ్ళకి పంపునీళ్ళొస్తాయంట!”

“వస్తాయి. కొండమీద కూకుని దేన్ని పొడుస్తావు, మబ్బుల్నా?”

వాళ్ళ అరుపులన్నీ పోలమ్మ విన్నది. పోటు ఎక్కడం మొదలైంది. మరో మూడు గంటల్లో ఇక్కడ పని సాగదు. చివరికి ఆమె చెయ్యి ఎత్తింది.

“ఉరిత్‌కి కాళ్ళు ఎనిమిది. ఎటైనా పోయి బతుకుతాది. మనకి రెండే. సంచులు దింపండి.”

అందరికన్నా ఎక్కువగా అరిచిన ఆమే ఊచను పడవలో పడేసి, సంచికి చెయ్యి వేసింది. ఉదయం దిబ్బకు వాడగా పడవలో మిగిలినవి పన్నెండు. పదకొండు సంచులు జాన్ నోయెలూ కౌసల్యా పేర్చారు. పన్నెండోది పోలమ్మ ఎవరికీ ఇవ్వలేదు. తనే మునిగి దాన్ని ఊట నోటికి ఆనించి, రెండు అరచేతులతో అదిమి పట్టింది. తోపుడు తగ్గేదాకా ఊపిరికి తేలుతూ, మళ్ళీ మునుగుతూ, రెండు గంటలు.

సాయంత్రానికి తమ్మన్న ఫోను. ఈసారి అడగకుండానే అరుస్తున్నాడు. “రెండు వేళ్ళ మందం లేసినాయే నీళ్ళు! ఈపాలి నాను నుయ్యి కడగనేదు, ఒట్టు!”

•

పదో తేదీన పరీక్షకుడు నూతి గట్టు మీద సీసా ఎత్తి అంకె చదివాడు. రెండు వందల ముప్పై రెండు. ఊరు చేసిన కేకకు ఆయన చెవులు మూసుకున్నాడు.

కౌసల్య ఆ కేకలో పాలుపంచుకుంది గాని, ఆ ఉదయమే ఆమెకు రాజధాని నుంచి ఉత్తరువు అందింది. తన హామీని తానే రద్దు చేసుకుంటూ, ఊటలను ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో దాచకుండా రాసి పంపిన నివేదికకు జవాబు అది: విచారణ ముగిసేదాకా గచ్చుపురుగును ఏ తీరంలోనూ వాడరాదు. న్యాయమే అనుకుంది. ముప్పై మంది ఆడవాళ్ళలో నలుగురు హోటలు పనికి ఊరు విడిచారు. మిగిలినవాళ్ళ ఊచలు చూరుల్లో ఉన్నాయి. వచ్చే ఏటి స్నానానికి నీళ్ళెక్కడివని ఎవరో అడిగితే, “నూతియ్యే. అయ్యీ ఇయ్యీ ఒకటేనని కౌసీ రుజువు సేసినాది గదా,” అని పోలమ్మ తేల్చేసింది.

జనం పలచబడ్డాక ఆమె గట్టు మీద మేనకోడలి పక్కన చతికిలబడింది. “నీకు పని నేదంట గదా.”

“లేదు.”

“నాకూ నేదు. అయితే అడుగు.”

“ఏమడగమంటావు?”

“ఏటో ఒకటి. అరవై ఏళ్ళబట్టి ఆ మడుగులో నడిసినాను. ఒక్క మారాజూ నన్ను ఒక్క మాట అడగనేదు.”

కౌసల్య ఆలోచించింది. ఒక సంగతి ఆమెను నెల రోజులుగా తొలుస్తోంది. “ఆక్టోపస్‌కు తీపినీరు పడదు. పుస్తకాలన్నీ అదే మాట అంటాయి. మరి ఊటల దగ్గర గూళ్ళెందుకు కడతాయి అత్తా?”

“ఊటలో కట్టవే, పిచ్చిదానా. ఊటకి అయిదారు బారల దూరాన కడతాయి. తీపి కోసం కాదు, సల్లదనం కోసం. ఎండలు ముదిరినకాడినుంచీ మరీను.”

“ఎలా తెలుసు?”

పోలమ్మ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. “అద్గదీ! అలా అడుగు. కూకో, సెప్తాను.”

చల్లదనమే అయితే ఊట అక్కర్లేదు, నీడ చాలు. రాతి నీడ, గుహ నీడ; అవి దొరికినా, కట్టినా ఉరిత్‌లు తిరిగి రావచ్చు. కౌసల్య కూర్చోలేదు. అత్త చెయ్యి పట్టుకుని లేవదీస్తూ, ఉష్ణమాపకం పట్టుకుని పడవ దగ్గరికి రమ్మని జాన్ నోయెల్‌ను కేకేసింది.